గంపలో దింపిన బంతి

1983 ఆగస్టు నాలుగో తేదీ, గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఎనిమిదో తరగతి బి సెక్షనుకి త్రైరాశికం చెబుతుండగా, కిటికీ అవతల ఎవరో గుంజ పాతుతున్న చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళ తరువాత వేళ ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఏం జరిగినా ముందు నోటుబుక్కులో వేళ రాసి, ఆ తరువాతే ఆశ్చర్యపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. (నా పెళ్ళిచూపుల పేజీలో "వచ్చినది 4.10, వెళ్ళినది 4.55, పెళ్ళికొడుకు తిన్న జంతికలు పదకొండు" అని ఉంటుంది. ఆ పదకొండూ తిన్నాయనే తరువాత మావారయ్యారు.) ఆ రోజుల్లో నాకు ఇరవై అయిదేళ్ళు. అచ్చయిన అక్షరం అబద్ధమాడదనీ, నేను వేసిన లెక్క తప్పదనీ రెండు గట్టి నమ్మకాలుండేవి. ఆ రెండూ ఒకే రోజున, ఒకే గంటలో, గుడివాడ జనం ముందు కూలిపోయాయి. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ కూలిపోలేదు.

మాది బందరు. నాన్నగారు గుమాస్తా. నాకు మొదటి ఉద్యోగం దివిసీమలో, నాగాయలంకకు అవతల ఒక ఆడపిల్లల హైస్కూల్లో వచ్చింది. లెక్కల టీచర్ని. బడికి డ్రిల్లు టీచరు లేరు. మా పెద్ద టీచరుగారు నేను చేరిన రెండో రోజునే నన్ను పిలిచి, "లెక్కల వాళ్ళకి వన్ టూ త్రీ ఫోర్ బాగా వస్తుంది కదమ్మా, డ్రిల్లు కూడా నువ్వే చూసుకో" అన్నారు. ఆ తర్కంలో తప్పు ఎక్కడుందో వెతికే లోపలే ఆవిడ ఈల నా చేతిలో పెట్టేశారు.

గుంజల చప్పుడు విని బయటికి వెళ్ళేసరికి, బడి కమిటీ ప్రెసిడెంటుగారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయనకి రైసు మిల్లుంది, సుగరుంది, ఊరంతా వినపడే గొంతుంది. ఇద్దరు మనుషులు ఆటస్థలానికి అటూ ఇటూ టేపు పట్టుకుని ఉన్నారు.

"ఏం చేయిస్తున్నారండీ?" అన్నాను.

"గోడౌనమ్మా. ధాన్యమంతా వానకి తడిసి మొలకలొస్తోంది."

"ఇది పిల్లల ఆటస్థలమండీ."

"ఎవరాడుతున్నారమ్మా? నేనొచ్చి పావుగంటయింది. రెండు గేదెలు తప్ప ఎవరూ కనపళ్ళేదు. అవైనా ఆడట్లేదు, మేస్తున్నాయి."

ఇంతలో టేపు మనిషి "పొడవు నూట తొంభై అడుగులండీ" అని కేకేశాడు. నేను ఆటస్థలం సంగతి మర్చిపోయాను. "కొలత తప్పండీ" అన్నాను. టేపు మొదట్లో రెండడుగుల ముక్క తెగిపోయి ఉంది. రెండుసార్లు పరిచారు కాబట్టి నాలుగడుగులు ఎక్కువ వస్తోంది. "నూట ఎనభై ఆరు" అన్నాను. ప్రెసిడెంటుగారు టేపు చివర పట్టుకుని చూసి, నన్ను చూసి, నవ్వారు. "సరే, నూట ఎనభై ఆరే. అందులో ఎన్ని బస్తాలు పడతాయో కూడా మీరే చెప్పండి." (చెప్పాను కూడా. అడిగిన లెక్క చెప్పకుండా ఉండలేకపోవడం నా బలహీనత. పెద్ద టీచరుగారు ఆ తరువాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.)

బస్తాల లెక్క నోట్లోంచి బయటపడ్డాక గానీ నాకు తెలివి రాలేదు. అప్పుడు అడ్డం పడ్డాను. పిల్లలు ఆడతారన్నాను, నేను ఆడిస్తానన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. చివరికి ఆయన గొడుగు మూసి నేలకి ఆనించి, "నవంబరులో గుడివాడలో బళ్ళ పోటీలున్నాయిగా. ఏదో ఒక ఆటలో ఒక్క మ్యాచి గెలుచుకు రండి. ఈ నేల మీద నేను కాలు పెట్టను. ఓడిపోతే మాత్రం గోడౌనుకి కొబ్బరికాయ మీ చేత్తోనే కొట్టాలి టీచరుగారూ" అన్నారు. టేపు చుట్టించుకుని వెళ్ళిపోయారు. గుంజలు మాత్రం పీకించలేదు.

ఆ సాయంత్రం కూచుని లెక్క వేశాను. కబడ్డీకి కిందటేడు వచ్చిన జట్లు ఇరవై, ఖోఖోకి పదహారు. ఆడపిల్లల బాస్కెట్‌బాలుకి నాలుగు. ఎక్కువమంది ఆడని ఆటలో బాగా ఆడేవాళ్ళు కూడా తక్కువే ఉంటారని తేల్చుకుని, బాస్కెట్‌బాలు అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ ఆటను నేను అప్పటికి కంటితో చూడలేదు. అయినా భయం లేదు. నా దగ్గర పుస్తకముంది.

పుస్తకం సంగతి చెప్పాలి. దివిసీమలో చాలా ఏళ్ళు పనిచేసి, ముసలితనంలో స్వదేశం వెళ్ళిపోతూ ఒక కెనడా నర్సమ్మగారు మా బడికి ఒక పెట్టెడు ఇంగ్లీషు పుస్తకాలు ఇచ్చి వెళ్ళారు. అందులో అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి పుస్తకం కెనడా ఘనుల గురించి, వాళ్ళు కనిపెట్టినవాటి గురించి. బడిలో ఇంకెవరూ ముట్టుకోలేదు గానీ నేను మూడుసార్లు చదివాను. అంతకుముందు నాకు కెనడా అంటే అట్లాసులో అమెరికా నెత్తిన గులాబి రంగు మాత్రమే. తీరా చూస్తే మా లాంతర్లలో పోసే కిరసనాయిలు మొదట తీసింది ఆ దేశపు పెద్దమనిషి. సుగరు మందు ఇన్సులిన్ కనిపెట్టింది అక్కడి డాక్టర్లు. టైంటేబులులో అచ్చుతప్పు వల్ల రైలు తప్పిపోయి, స్టేషన్లో పడిగాపులు పడ్డ ఒక రైల్వే ఇంజనీరు, ఇలా ఊరికొక గడియారం ఉంటే లాభం లేదని ప్రపంచం మొత్తానికి గంటలు పంచిపెట్టడానికి పూనుకున్నాడు. (ఒక్క అచ్చుతప్పుకి ఇంత శ్రద్ధ తీసుకున్న ఆ మనిషి మీద నాకున్న గౌరవం మావారికి తెలుసు. ఆయన ఏమీ అనుకోరు.)

ఒక్కొక్కరికీ పదికి మార్కులు వేసుకున్నాను. కిరసనాయిలుకి పది. ఇన్సులిన్‌కి పది. రైలు గడియారాల ఆయన పుట్టింది స్కాట్లాండులో కాబట్టి మూడు తగ్గించి ఏడు. టెలిఫోను నాదంటే నాదని మూడు దేశాలు అంటున్నాయి కాబట్టి పదిని మూడుతో భాగించి మూడూ, ఇంకో మూడో వంతూ. జిప్పు కూడా తమదే అన్నట్టు ఆ పుస్తకం రాసింది గానీ, చేసినాయన స్వీడను వాడని తరువాత తెలిసి సున్నా చుట్టాను. ఇక బాస్కెట్‌బాలు. కెనడాలో పుట్టి, అమెరికాలో డ్రిల్లు మాస్టారుగా పనిచేస్తూ, చలికాలంలో గదిలో అల్లరి చేసే కుర్రాళ్ళని అదుపులో పెట్టలేక, పీచు అనే సీమ పళ్ళ బుట్టలు రెండు పదడుగుల ఎత్తున మేకులతో కొట్టి, పదమూడు నియమాలు రాసి గోడకి అంటించాడాయన. పుట్టుక ఒక చోట, ఆట ఇంకో చోట కాబట్టి అయిదు. కానీ డ్రిల్లు రాకుండా డ్రిల్లు చెప్పే నాకు ఆయనంటే సొంత బాబాయంత అభిమానం పుట్టింది. ఆ పదమూడు నియమాలూ బట్టీ పట్టాను. జట్టుకి తొమ్మిదిమంది. బంతితో పరిగెత్తకూడదు, పట్టుకున్న చోటి నుంచే ఇంకొకరికి అందించాలి. బుట్టలో పడితే ఒకటి. ఆడింది ఫుట్‌బాలుతో.

తొమ్మిదిమందిని ఏరాను. ఆ పుస్తకం పుణ్యమా అని పిల్లలకి పేర్లు కూడా కెనడావే పెట్టాను. చేపల వాళ్ళ పిల్ల, పదో తరగతి, ముట్టుకుంటే అంటుకునే కోపం - కిరసనాయిలు. పరుగులో మొదట, ప్రార్థనకి ఆఖరున వచ్చేది - రైలుటైము. వానకి చిత్తడయిన నేల మీద నిలబడిన దానికన్నా జారిందే ఎక్కువైనది - మంచుబండి. (మంచు మీద నడిచే బండిని కూడా ఆ దేశపు మెకానిక్కే చేశాడు. పది మార్కులు.) మిగతా ఆరుగురూ మాకూ పేర్లు కావాలని ఏడిస్తే వాళ్ళకీ పెట్టాను గానీ అవి ఈ కథకి అక్కర్లేదు.

బంతి కోసం బందరు వెళ్ళాను. ఆటసామాన్ల కొట్టాయన నాన్నగారికి తెలిసినాయనే.

"బాస్కెట్‌బాలు ఆడాలి బాబాయిగారూ, ఒక ఫుట్‌బాలు ఇవ్వండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టారు. "బాస్కెట్‌బాలు ఆడటానికి ఫుట్‌బాలేంటమ్మా? ఇదిగో అసలు బంతి. ఈ రూల్సు పుస్తకం కూడా పట్టుకెళ్ళు, కొత్తగా వచ్చింది."

"వద్దండీ. నా దగ్గర ఆట కనిపెట్టినాయన రాసిన అసలు రూల్సే ఉన్నాయి."

"అంటే... ఆయన రాసి చాలాకాలమై ఉంటుంది కదమ్మా?"

"రూలు అంటే రూలే కదండీ. పాతబడటానికి అదేమైనా పచ్చడా?" అన్నాను. ఆయన బంతికి దారం చుట్టి ఇస్తూ ఎందుకో నావైపు జాలిగా చూశారు. ఆ చూపు కూడా వేళతో సహా నోటుబుక్కులో ఉంది.

దివిసీమలో పీచు పళ్ళ బుట్టలు దొరకవు, చేపల గంపలు దొరుకుతాయి. కిరసనాయిలు వాళ్ళ మామ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మేది. ఆవిడే రెండు పాత గంపలిచ్చింది. సరుగుడు వాసాలు రెండు పాతి, పదడుగులు నేనే కొలిచి, గంపలు కట్టించాను. అడుగు కోయలేదు. పుస్తకంలో బొమ్మలో బుట్టకి అడుగుంది. బంతి పడ్డాక తీయడానికి ఒకరు నిచ్చెన ఎక్కేవారని కూడా ఉంది. మా నిచ్చెన అప్పుడే సున్నాలకి వెళ్ళింది కాబట్టి, కిరసనాయిలు ఇంటి నుంచి పడవ నడిపే గెడ తెచ్చింది. గంప కింద చిన్న కన్నం చేసి, గెడతో పొడిస్తే బంతి ఎగిరి బయటపడేది. గెడ బాధ్యత రైలుటైముది.

మొదటి వారం ఆట జరగలేదు, కాకులు జరిగాయి. ఆ గంపల్ని చింతపండుతో, బూడిదతో, ఒకసారి నా సొంత చందనం సబ్బుతో కడిగించాను. అయినా పదేళ్ళ చేపల వాసన ఎక్కడికి పోతుంది? ఒక్కో గంపలో సగటున మూడు కాకులు. బంతి వేయబోయే ముందు "ఉష్" అనడం మా పిల్లలకి ఆటలో భాగమైపోయింది. సెప్టెంబరులో ఉత్తరం వైపు గంపలో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. పదమూడు నియమాలూ మళ్ళీ చదివాను, పిల్లుల ప్రస్తావన లేదు. మూడు రోజులు ఆట ఆపాను. నాలుగో రోజు తల్లిపిల్లే విసుగెత్తి కాపురం వంటగదికి మార్చింది.

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటుగారు చూడటానికి వచ్చారు. "ఏంటమ్మా ఇవి? చేపలు ఎండబెడుతున్నారా?"

"కెనడా మాస్టారు కనిపెట్టిన ఆటండీ."

"మంచులో ముడుచుకు కూచునే వాడికేం తెలుసమ్మా ఆటలు?"

"రోజూ పొద్దున కాంపౌండరుగారితో మీరు పొడిపించుకునే ఇన్సులిన్ కనిపెట్టింది ఆ మంచులో కూచున్నవాళ్ళేనండీ" అన్నాను.

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదకి వెళ్ళింది. "అయితే పొద్దున వాళ్ళ సూది, పగలు మీ పోరు. కెనడా నా ప్రాణం తీసేట్టుందే" అని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు గుంజలు గట్టిగా ఉన్నాయో లేదో కదిపి చూసుకున్నారు. అది చూసి పిల్లలందరి మొహాలూ వాడిపోయాయి. కిరసనాయిలు మాత్రం ఎర్రబడింది.

కాకులు, పిల్లి పోయాక అసలు కష్టం బయటపడింది. చేపల గంప లోతు తక్కువ, అంచు వెడల్పు. విసిరిన బంతి అందులో పడి, ఎగిరి, బయటికి దూకేసేది. వంద వేస్తే రెండు నిలిచేవి. ఒక మధ్యాహ్నం చేపలమ్ముకుని తిరిగొస్తూ మామ్మ ప్రహరీ దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. తరువాత లోపలికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, మనవరాలి మీద పడింది.

"ఏవే పిల్లా, ఎంతకాలం నుంచి చూస్తన్నావే నన్ను? గంపలోకి చేప ఎవురన్నా ఇసురుతారంటే?"

"ఇది బంతే మామ్మా!"

"బంతైనా బొమ్మిడాయైనా గంప గంపే. నా నెత్తిన గంపున్నప్పుడు పైనుంచి ఎయ్యటానికి రెండు రకాలోళ్ళుంటారు. ఇసిరేవోడు ఏశాడంటే మెడ ఇరిగిద్ది, చేప కిందపడిద్ది. దించేవోడు దించితే నాకు తెలవను కూడా తెలవదు. ఇసరకండే. దించండి."

ఆవిడ అక్కడితో ఆగలేదు. చుట్టకుదురు సరిచేసుకుని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, ఆటస్థలం నడిమధ్య నిలబడింది. "ఎయ్యండి నా గంపలో. నా మెడ కదిలిందో, ఆ పిల్ల కాసేపు పక్కన కూకోవాల" అంది. నేను "వద్దండీ, దెబ్బ తగులుతుంది" అంటే, "నువ్వు లెక్కెట్టుకో పంతులమ్మా, అది నీ పని" అంది. లెక్క పెట్టాను. మొదటి రోజు ఆవిడ మెడ ముప్పై ఒక్కసారి కదిలింది, ముక్కుకి రెండుసార్లు తగిలింది, మంచుబండిని మాత్రం పెద్దగా తిట్టింది. నెలయ్యేసరికి మెడ రోజుకి నాలుగుసార్లు కదిలేది. బంతి చేతిలోంచి మెల్లగా, తాటిచెట్టంత ఎత్తుకి లేచి, పైన ఒక క్షణం ఆగినట్టే ఆగి, తిన్నగా దిగేది. దిగిన చప్పుడు కూడా ఉండేది కాదు.

మొత్తం తొంభై తొమ్మిది రోజులు. అందులో ఆదివారాలు పద్నాలుగు, వానలు పంతొమ్మిది, దసరా సెలవులు పదకొండు, పిల్లి మూడు. మిగిలిన యాభై రెండు రోజులూ ఆడాం.

నవంబరు పదకొండు, శుక్రవారం. తెల్లవారగానే బస్సెక్కాం. తొమ్మిదిమంది పిల్లలు, నేను, ఎండుచేపల గంపతో మామ్మ, పన్నెండడుగుల గెడ. కండక్టరు గెడని చూసి దిగిపోమన్నాడు. "బస్సు ఆగిపోతే తోసుకుపోవడానికి పనికొచ్చిద్దిలే బాబూ" అని మామ్మ సర్దిచెప్పింది. గెడ టాపెక్కింది. పామర్రులో బస్సు మారేటప్పుడు దించుతుంటే అది కూడలికి అడ్డంగా నిలబడి, అటు బందరు బస్సునీ ఇటు బెజవాడ బస్సునీ ఆరు నిమిషాలు ఆపేసింది. ఆ హడావుడిలోనే నా ఎడమ కాలి చెప్పు ఎటో పోయింది.

గుడివాడలో మాకు పడ్డది ఆ ఊరి జట్టే. తెల్ల బూట్లు, తెల్ల రిబ్బన్లు. మావాళ్ళు ఉత్తికాళ్ళు, ఎగదోపిన లంగాలు. కోర్టులో చెక్క పలకలకి ఇనప రింగులున్నాయి. కింద వల ఉంది గానీ దానికి అడుగు లేదు. "ఎవరో కోసేశారే పాపం" అంది మంచుబండి. అంపైరుగా ఉన్న డ్రిల్లు మాస్టారు మా దగ్గరకి వచ్చి లెక్కపెట్టారు.

"తొమ్మిదిమందేంటండీ? అయిదుగురే ఆడాలి."

"నియమం ప్రకారం తొమ్మిదండీ" అన్నాను.

"ఏ నియమం?"

పుస్తకం తెరిచి చూపించాను. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. "అమ్మా, ఇది మా తాతగారు పుట్టకముందు సంగతి. ఆ గెడ ఎందుకూ? కోర్టులో పడవ నడుపుతారా?" చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. షామియానా కింద కుర్చీలో మా ప్రెసిడెంటుగారు కూడా కనిపించారు. మిల్లు పని మీద గుడివాడ వచ్చానని చెప్పారు గానీ, చేతిలో కొత్త టేపుంది.

నలుగురిని కూచోబెట్టాను. ఆ నలుగురి మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆట మొదలైంది. అవతలి పిల్ల బంతిని నేలకి కొట్టుకుంటూ పరిగెత్తడం చూసి మావాళ్ళు నిలబడిపోయి "ఫౌలు, ఫౌలు! బంతితో పరిగెడుతోంది!" అని అరిచారు. అది ఫౌలు కాదట. దాన్ని ఆపడానికి చెయ్యి పట్టుకుని లాగితే మాత్రం ఫౌలట. కిరసనాయిలు అంటుకుంది. మా బంతి కన్నా వాళ్ళ బంతి పెద్దది, బరువు. మావాళ్ళు వేసినవి రింగు దాకా కూడా వెళ్ళలేదు. ఎలాగో ఒకటి పడింది. పడగానే అలవాటు కొద్దీ అయిదుగురూ ఆగి బంతి దిగడం కోసం పైకి చూస్తున్నారు, రైలుటైము గెడ కోసం పరిగెత్తింది. అడుగు లేని వలలోంచి ఎప్పుడో కిందపడ్డ బంతిని వాళ్ళు తీసుకెళ్ళి అవతల వేసేశారు. రైలుటైము గెడతో వచ్చేసరికి ఆట అటు చివర జరుగుతోంది.

నేను ఒక పక్కన కూచుని నోటుబుక్కులో లెక్క రాస్తున్నాను. అవతల నల్లబల్ల మీద ఎవరో సుద్దముక్కతో రాస్తూనే ఉన్నారు గానీ, ఇంకొకరి లెక్క చూసే అలవాటు నాకు లేదు. సగం ఆటయ్యేసరికి మాకు రెండు, వాళ్ళకి ఆరు. పిల్లలు వచ్చి నేల మీద కూలబడ్డారు. పుస్తకాన్ని నా చీర కుచ్చెళ్ళ వెనక దాచుకున్నాను. తొమ్మిది జతల కళ్ళూ నా వైపే చూస్తున్నాయి. మామ్మ గంప దించి దగ్గరకొచ్చింది.

"ఏవే, ఎందుకే ఇసురుతున్నారు?"

"బంతి బరువే మామ్మా" అంది కిరసనాయిలు ఏడుస్తూ.

"బరువైన చేపని ఇంకా మెల్లగా దించాల. మోకాళ్ళు వంచి ఎత్తు. నా గంప కన్నా ఆ ఇనప కడియం నయం. అడుగు లేదు, ఎగిరి బయటికి రాదు. కాకుల్లేవు. ఇంకేం కావాలే మీకు?"

మావాళ్ళకి పరిగెత్తడం రాదు, అందించడమే వచ్చు. యాభై రెండు రోజులు అదొక్కటే చేశారు. బంతి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, అక్కడి నుంచి ఇంకో చేతిలోకి, తెల్ల బూట్ల పిల్లలు ఎటు తిరగాలో తెలియక బొంగరాల్లా తిరిగారు. చివర కిరసనాయిలు. మోకాళ్ళు వంచి, పెదాల మధ్య "ఉష్" అని కాకిని తోలి, బంతిని పైకి వదిలేది. అది ఆకాశంలో ఆగి, దిగేది. ఇనుము తాకిన చప్పుడు ఉండేది కాదు. మొదట నవ్విన జనం మూడో బంతికి లేచి నిలబడ్డారు. అయిదో బంతికి గుడివాడ వాళ్ళే చప్పట్లు కొట్టారు.

కానీ నా లెక్క నాకు తెలుసు కదా. మధ్యమధ్యలో మావాళ్ళు చెయ్యి పట్టుకున్నప్పుడల్లా అవతలి పిల్లని ఒంటరిగా నిలబెట్టి వేయిస్తున్నారు, అవీ పడుతున్నాయి. ఇంకొక్క నిమిషం ఉందనగా నా నోటుబుక్కులో మాకు తొమ్మిది, వాళ్ళకి పదమూడు. నిమిషంలో నాలుగు పడవు. కలం మూత పెట్టేశాను. కొబ్బరికాయ గురించి ఆలోచిస్తున్నాను. ఇంతలో కిరసనాయిలు ఎక్కడి నుంచో మరొకటి దించింది. అలవాటు కొద్దీ మళ్ళీ మూత తీసి "పది" అని రాశాను. ఈల మోగింది. తలెత్తితే మావాళ్ళు గెంతుతున్నారు. తొమ్మిదిమందీ. మంచుబండి జారిపడి మరీ గెంతుతోంది. ఓడిపోయి కూడా ఎంత మంచి మనసుతో ఉన్నారో అని నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటుంటే ప్రెసిడెంటుగారు వచ్చి నా నోటుబుక్కులోకి వంగి చూశారు.

"ఏంటండీ ఇది?"

"పది, పదమూడు. ఓడిపోయామండీ. కొబ్బరికాయ ఎప్పుడు కొట్టమంటారు?"

ఆయన నోటుబుక్కు చూసి, నల్లబల్ల చూసి, నన్ను చూసి, గుడివాడంతా వినపడేలా నవ్వారు.

"లెక్క తప్పండీ టీచరుగారూ! మామూలుగా వేస్తే రెండు. ఒంటరిగా నిలబెట్టి వేయించే దానికే ఒకటి. మీవి పదీ మామూలువే - ఇరవై. వాళ్ళవి మామూలువి ఆరు, ఒంటరివి ఏడు - పంతొమ్మిది. మీరు గెలిచారు, నేను ఓడిపోయాను. రాసుకోండి."

రాసుకున్నాను. ఉదయం పదకొండూ నలభై ఏడు. నా జీవితంలో నా లెక్క తప్పిందని ఎగిరి గంతేసింది అదొక్కసారే, అదీ ఒక్క చెప్పుతో. పిల్లలకి ముందే తెలుసట, నల్లబల్ల చూస్తూనే ఆడారట. "మరి నాకెందుకు చెప్పలేదే?" అంటే రైలుటైము తలొంచుకుని, "లెక్కల టీచరుకి లెక్క ఎలా చెబుతామండీ?" అంది. మధ్యాహ్నం రెండో ఆటలో నలభై ఆరుకి పద్నాలుగుతో చిత్తుగా ఓడిపోయాం. (దాచను. నోటుబుక్కులో ఉంది.) కానీ పందెం ఒక్క ఆటకే. ప్రెసిడెంటుగారు మర్నాడే వచ్చి గుంజలు స్వయంగా పీకారు. ఆయన టేపుని నాకిచ్చేసి, "ఇది నా కన్నా మీ దగ్గరుంటేనే మంచిది" అన్నారు. తరువాత ఎప్పుడు సూది పొడిపించుకున్నా "కెనడా, నెమ్మదిగా" అనేవారని కాంపౌండరుగారు చెప్పేవారు.

కిరసనాయిలు చదువుకుని పెడన దగ్గర బడిలో డ్రిల్లు టీచరయింది. ఆవిడే కిందటి నెల నన్ను తీసుకెళ్ళి మా పాత ఆటస్థలం చూపించింది. ఇప్పుడక్కడ సిమెంటు కోర్టు, రంగు పలకలు, అసలైన రింగులు. పిల్లలు బంతిని నేలకి కొట్టుకుంటూ గాలిలా పరిగెడుతున్నారు. నాకింకా అది ఫౌలులాగే కనిపిస్తుంది. ఒక పొట్టిపిల్ల వేసిన బంతి ఇనుముకి తగిలి ఎగిరిపోతే, యాభై తొమ్మిదేళ్ళ కిరసనాయిలు పక్క నుంచి "ఇసరకే, దించు!" అని అరిచింది. ఆ పిల్లకి అర్థం కాలేదు. మాకిద్దరికీ అయింది. తరువాత సంచీలోంచి టేపు తీసి, ఆవిడని ఒక చివర పట్టుకోమన్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నవ్వింది గానీ పట్టుకుంది.

మొత్తం మీద పోయినవి: చేపల గంపలు రెండు. ఫుట్‌బాలు ఒకటి, కాలవలో. గాజులు నలభై మూడు. చందనం సబ్బు ఒకటి. ఎడమ కాలి చెప్పు ఒకటి, పామర్రులో. గెడ ఒకటి, గుడివాడలో మర్చిపోయాం. రెండో ఆట. మామ్మ. ప్రెసిడెంటుగారు. స్థలం పొడవులో, కొత్త ప్రహరీ గోడ కింద, ఒక అడుగు.